ఆదోని నుంచి వెళ్లిపోయిన బొమ్మలకు ఒక పట్టిక వేయించండి

ఆంధ్రప్రదేశ్ పురావస్తు, ప్రదర్శనశాలల శాఖ కమిషనర్ గారికి,

కర్నూలు నుంచి రాస్తున్నాను.

మా సీమ నుంచి మీ శాఖకు వచ్చే అర్జీలు ఎలా ఉంటాయో ఊహించగలను. కోట బురుజు కూలుతోందనో, శాసనమున్న బండను ఎవరో ఇంటి మెట్టుగా వేసుకున్నారనో, గుప్తనిధుల ఆశతో నంది కింద తవ్వేశారనో రాస్తుంటాం. అన్నీ రాతి కష్టాలే. నేను రాస్తున్నది కాగితం గురించి. రాయి పోతే ఊరంతటికీ తెలుస్తుంది, కాగితం పోతే ఆ ఇంట్లోవాళ్లకే తెలియకుండా పోతుంది. మా కోటల్లో ఒకప్పుడు ఉన్న చిత్రాలూ రాతప్రతులూ ఈ రోజు బికనేరులో ఉన్నాయి, లండన్‌లో ఉన్నాయి, ఇంకా ఎన్నో మ్యూజియాల్లో ఉన్నాయి. అవి ఇక్కడి నుంచి వెళ్లాయన్న సంగతి పండితుల పుస్తకాల్లో ఉంది గానీ ఇక్కడి మనుషుల నోట లేదు.

ముందు ఆదోని సంగతి చెప్పనివ్వండి, ఎందుకంటే నా విన్నపమంతా దాని మీదే నిలబడింది.

ఆదోని అనగానే పత్తి మార్కెట్టు గుర్తొస్తుంది. పదిహేడో శతాబ్దం చివర్లో ఆ ఊరి పేరు వేరే కారణానికి వినిపించేది. బీజాపూరు ఆదిల్‌షాహీ రాజ్యం కూలిపోతున్న రోజుల్లో ఆ రాజ్యానికి మంత్రిగా చేసిన సిద్దీ మసూద్ ఖాన్ ఆదోని కొండమీది కోటలో తలదాచుకున్నాడు. ఆయన హబ్షీ, అంటే ఆఫ్రికా మూలాలున్న సర్దారు. 1660లో పన్హాళా కోట దగ్గర శివాజీని చుట్టుముట్టిన సిద్దీ జౌహర్ మన కర్నూలు సర్దారే. మసూద్ ఆయనకు అల్లుడు. పసివాడైన సికందర్ ఆదిల్‌షా తరఫున 1678 నుంచి 1683 దాకా బీజాపూరును నడిపి, దర్బారు కుమ్ములాటలతో వేసారి, పదవి వదిలేసి ఆదోని చేరాడు. మూడేళ్లకు, 1686లో, బీజాపూరు ఔరంగజేబు వశమైంది. 1687లో గోల్కొండ, 1688లో ఆదోని.

మసూద్ ఖాన్ కట్టించిన షాహీ జామియా మసీదును మీరు చూసే ఉంటారు. మొగలు సేనాని ఫిరంగులను ఆ మసీదు మీదికి తిప్పించాడనీ, ప్రాణంగా కట్టుకున్నది బద్దలవుతుంటే చూడలేక మసూద్ ఖాన్ లొంగిపోయాడనీ ఆదోనిలో తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ కథ విన్నప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. ఆయన మసీదును దక్కించుకున్నాడు, కోటలో ఉన్న మిగతాదంతా వదులుకున్నాడు. ఆ మిగతాదాంట్లో బొమ్మలున్నాయి.

బీజాపూరు చిత్రకారులు ఎలాంటివాళ్లో ఒక్క బొమ్మతో చెబుతాను. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో 1680 ప్రాంతపు చిత్రం ఒకటుంది. కమాల్ మొహమ్మద్, చాంద్ మొహమ్మద్ అనే ఇద్దరు చిత్రకారులు గీశారు. ఆదిల్‌షాహీ సుల్తానులు తొమ్మిది మందీ, తరాల అంతరం మరిచిపోయి, ఒకేచోట కొలువుతీరి ఉంటారు. వంశానికి మూలపురుషుడైన యూసుఫ్ పారశీక చక్రవర్తి నుంచి తాళంచెవి అందుకుంటుంటాడు. ఒక చివర చామనఛాయలో కుర్రవాడు, సికందర్. ఆ బొమ్మ గీసేనాటికి రాజ్యం ఇంకో ఆరేళ్లకు మించి లేదు. గీసినవాళ్లకు ఆ విషయం తెలియదు. బీజాపూరు పగ్గాలు మసూద్ ఖాన్ చేతిలో ఉన్న ఏళ్లవి. అలాంటి దర్బారు నుంచి కదిలి వచ్చిన పెద్దమనిషి వెంట ఆదోనికి ఎలాంటి పెట్టెలు వచ్చి ఉంటాయో మనం ఊహించుకోవచ్చు.

ఆదోని పడ్డాక ఆ కోట బాధ్యత మొగలు సైన్యంలో ఉన్న బికనేరు రాజు అనూప్ సింగ్‌కు వచ్చింది. 1698లో ఆయన కన్నుమూసింది కూడా ఆదోనిలోనే. యుద్ధాల మధ్యనే పుస్తకాలు పోగుచేసిన మనిషి ఆయన. దక్కనులో ఉన్నన్నాళ్లూ సంస్కృత రాతప్రతులు సంపాదించి ఎడారిలోని తన ఊరికి పంపించాడు. బికనేరులో ఇప్పటికీ ఆయన పేరుతో ఉన్న అనూప్ సంస్కృత గ్రంథాలయానికి పునాది ఆ సంపాదనే. లోహ విగ్రహాలు కూడా పంపాడు. యుద్ధంలో కరిగించి పారేయకుండా ఆయన కాపాడి తెచ్చినవంటూ బికనేరు జూనాగఢ్ కోటలోని ముప్పైమూడు కోట్ల దేవతల గుడిలో వాటిని చూపిస్తారు. వీటితోపాటే ఆదోనిలో చేజిక్కిన బీజాపూరు బొమ్మలు కూడా వెళ్లాయి.

ఇవన్నీ మనకెలా తెలుసు? బికనేరు భాండాగారంలో పనిచేసిన గుమస్తాల వల్ల తెలుసు. లోపలికి వచ్చిన బొమ్మలను తిరగేసి, వెనక నాగరి లిపిలో నాలుగు ముక్కలు రాసేవాళ్లు. ఏ బొమ్మ, లెక్కలో ఎన్నోది, ఎక్కడ దొరికింది. అలా కొన్ని దక్కనీ చిత్రాల వెనక ఆదోని పేరు పడింది. మూడు వందల ఏళ్ల తర్వాత పండితులు ఆ అట్టలను తిప్పి చూసినప్పుడు మా ఆదోని పేరు కనబడింది. ముందువైపు గీసిన చిత్రకారుడి పేరు చాలాసార్లు ఉండదు. వెనకవైపు గుమస్తా రాసిన ఊరిపేరు ఉంది. ఆ గుమస్తా తన పని తాను చేసి ఉండకపోతే ఈ లేఖ రాయడానికి నాకు ఆధారమే ఉండేది కాదు. మీ శాఖలో రిజిస్టర్లు రాసే ఉద్యోగులకు నా తరఫున ఈ మాట చెప్పండి.

అనూప్ సింగ్‌ను దొంగ అనడానికి నాకు మనసొప్పదు. గెలిచినవాడు ఖజానా పట్టుకుపోవడం ఆ రోజుల ధర్మం. ఆయన పట్టుకుపోయినదాన్ని చింపలేదు, బంగారు పూత కోసం గీకించలేదు. ఆ బొమ్మలు చూసి బికనేరు చిత్రకారులు నేర్చుకున్నారు. రుక్నుద్దీన్ వంటి గొప్ప పనివాడి చిత్రాల్లో దక్కను రంగులు వచ్చి కూర్చున్నాయి. ఎడారి పొడిగాలి, రాజుగారి శ్రద్ధ కలిసి రెండున్నర శతాబ్దాలు వాటిని కాపాడాయి. అవే ఆదోనిలో ఉండి ఉంటే? ఆ తర్వాత ఆదోని బసాలత్ జంగ్ అనే సర్దారుకు జాగీరైంది, 1786లో టిపూ సుల్తాన్ వచ్చి పట్టుకున్నాడు, 1800లో ఈస్టిండియా కుంపిణీ వాళ్లకు పోయింది. ఇన్ని చేతులు మారిన కోటలో కాగితం నిలిచేదని నేను నమ్మను. అందుకే, కమిషనర్ గారూ, ఆ బొమ్మలు వెనక్కి తెప్పించమని నేను మిమ్మల్ని అడగడం లేదు.

నన్ను బాధపెట్టే చెదిరిపోవడం ఈ మధ్యది. స్వాతంత్ర్యం తర్వాత సంస్థానాలు కలిసిపోయాయి. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. రాజుల ఇళ్లలోని బొమ్మలు ఒక్కొక్కటే బజారుకు వచ్చాయి. బికనేరు మహారాజా సొంత సేకరణ అన్న ముద్ర వెనకవైపు ఉన్న బొమ్మలు ఇవాళ అమెరికా, ఐరోపా మ్యూజియాల్లో ఎన్నో చోట్ల కనిపిస్తాయి. వ్యాపారికి మురక్కా, అంటే బొమ్మలూ దస్తూరీ కలిపి కుట్టిన పుస్తకం, విప్పితేనే లాభం. పెళ్లి ఆల్బంలోంచి ఫోటోలు పీకి ఒక్కో చుట్టానికి ఒక్కోటి అమ్మినట్టు, ఒక ఆకు లండన్‌కు, దాని ఎదురు ఆకు న్యూయార్క్‌కు వెళ్లిపోయాయి. అట్ట మార్చినప్పుడు, అంచులు కత్తిరించి కొత్త ఫ్రేములో బిగించినప్పుడు, వెనకనున్న రాత కూడా పోయే ప్రమాదముంది. ఆదోని పేరు మిగిలిన చోటల్లా దాన్ని ఇప్పుడే రాసుకోవాలి అనడానికి కారణం ఇదే.

చెదిరిన సేకరణను మళ్లీ ఒకచోట చూడటం అసాధ్యమేమీ కాదు. ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్‌ను 1649లో తల నరికి చంపాక ఆయన చిత్రాలను పార్లమెంటు అమ్మించేసింది. అప్పులవాళ్లకు బాకీల కింద కూడా బొమ్మలే ఇచ్చారు. ఎన్నో మంచివి స్పెయిన్‌కు, ఫ్రాన్స్‌కు పోయాయి. 2018లో లండన్ రాయల్ అకాడమీ ఆ చెదిరిన బొమ్మల్లో 140 దాకా అరువు తెచ్చి, కొన్ని నెలలు ఒకే కప్పు కింద నిలబెట్టింది. మాడ్రిడ్, పారిస్ మ్యూజియాలు సొంతం వదులుకోలేదు, చూడనిచ్చాయి. ఆ పని జరగడానికి మూలం చార్లెస్ కొలువులో బొమ్మలు చూసుకున్న అబ్రహాం వాన్ డెర్ డోర్ట్ రాసిపెట్టిన పట్టిక. ఏ బొమ్మ ఎంత పొడుగు, ఎంత వెడల్పు, ఎవరిచ్చారు, ఏ గదిలో ఉంది అన్నీ అందులో రాశాడు. మనకూ కావలసింది అలాంటి పట్టికే. మన వాన్ డెర్ డోర్ట్‌లు బికనేరు గుమస్తాలు. వాళ్లు సగం రాసి ఉంచారు, తక్కిన సగం మనం రాయాలి.

2015లో ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో దక్కను కళల మీద పెద్ద ప్రదర్శన జరిగింది. అదే ఏడాది న్యూయార్క్ మెట్రోపాలిటన్‌లో దక్కను సుల్తానుల కళ మీద మరొకటి. దక్కను అంటే మనమే కదా. ఆ రెంటిలో దేనికీ ఆదోని బడిపిల్లలు వెళ్లగలిగేవాళ్లు కాదు.

ఇక కడప. కడప అనగానే సి.పి. బ్రౌన్ పేరిట ఉన్న గ్రంథాలయాన్ని చూపిస్తాం, చూపించాలి కూడా. అంతకుముందు ఆ ఊళ్లో నవాబుల గ్రంథాలయం ఉండేదన్న సంగతి మాత్రం మరిచాం. మయానా వంశపు ఆఖరి నవాబు అబ్దుల్ హలీం ఖాన్ 1779 ప్రాంతంలో సిద్ధవటం కోటలో హైదర్ అలీకి లొంగిపోయాడు. నవాబుతోపాటు ఆయన పుస్తకాలూ శ్రీరంగపట్నం దారి పట్టాయి. 1799లో టిపూ చనిపోయాక కుంపిణీ వాళ్లకు ఆయన గ్రంథాలయం చిక్కింది, సుమారు రెండు వేల సంపుటాలు. వాటికి చార్లెస్ స్టీవర్ట్ వేసిన వివరణాత్మక పట్టిక 1809లో అచ్చయింది. అందులో ఆయన స్పష్టంగా రాశాడు: వీటిలో టిపూ గానీ ఆయన తండ్రి గానీ కొన్నవి బహు తక్కువ, ఎక్కువభాగం సావనూరు, కడప, కర్నాటిక్ ప్రాంతాల నుంచి కొల్లగొట్టి తెచ్చినవని. ఆ పుస్తకాలు కలకత్తాకు, లండన్‌కు, కొన్ని ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకు పంచుకుపోయారు. లండన్‌కు చేరినవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటి మొదటి ఆకుల మీద ఉన్న మొహర్లు చదివితే ఏది కడప నవాబుదో తేల్చడం వీలయ్యే పని. పారశీకం చదవగలిగిన ఒకరిద్దరు యువకులకు మన ప్రభుత్వం రెండేళ్లు జీతమిచ్చి కూర్చోబెడితే కడప నవాబు గ్రంథాలయం మళ్లీ కాగితం మీదైనా నిలబడుతుంది. కడపలోనే భగవాన్ మహావీర్ ప్రభుత్వ ప్రదర్శనశాల ఉంది. ఆ పట్టికకు అంతకన్నా తగిన చోటు లేదు.

కర్నూలు కథ అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఆయుధాలు రహస్యంగా పోగేశాడన్న నెపంతో 1839లో కుంపిణీ సైన్యం వచ్చి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను దించేసింది. జోహరాపురం దగ్గర పోరు జరిగింది. నవాబును తిరుచిరాపల్లికి పంపారు. మరుసటి ఏడే అక్కడ ఆయన కత్తిపోటుకు చనిపోయాడు. దొరికిన ఫిరంగుల గురించి దొరలు పేజీలు పేజీలు రాశారు. నవాబు దర్బారులో చిత్రకారులు ఉండేవారన్నది మాత్రం మనకు వేరే దారిన తెలుస్తుంది: పద్దెనిమిదో శతాబ్దపు దక్కనీ చిత్రాల కేటలాగుల్లో కర్నూలు, కడప అన్న ఊరిపేర్లు కనబడతాయి. కొండారెడ్డి బురుజు ముందు నిలబడి సెల్ఫీలు తీసుకునే మా పిల్లలకు, ఈ ఊరి పేరుతో ఒక చిత్రకళ ఉండేదని చెప్పే చిన్న బోర్డు కూడా లేకపోవడం నాకు కష్టంగా ఉంది. బనగానపల్లె నవాబు బంగళానైతే 2009లో సినిమా వచ్చినప్పటినుంచి అరుంధతి కోట అనే పిలుస్తున్నారు. ఆ బంగళా ఎవరిదో చెప్పేవాళ్లు ఏటికేడు తగ్గుతున్నారు.

వెళ్లిపోయినవాటి లెక్క ఇది. ఇంకా ఇక్కడే ఉన్నవాటి మాట మరీ తొందరగా చూడాల్సింది.

కర్నూలు పాతబస్తీలో, ఆదోనిలో, నంద్యాలలో, బనగానపల్లెలో పాత జాగీర్దారుల ఇళ్లున్నాయి, ఖాజీల ఇళ్లున్నాయి, కరణాల ఇళ్లున్నాయి. వాటిలో ట్రంకుపెట్టెల అడుగున సనదులు, చేతిరాత పుస్తకాలు, తాతముత్తాతల బొమ్మలు ఉండే అవకాశముంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడినప్పుడు ఆ పెట్టెలు ఎన్ని మునిగాయో ఎవరూ లెక్క కట్టలేదు. బురద పట్టిన కాగితాలను చెత్తబండికి ఎత్తేశాం. ఆ స్థితిలో ఇంకేం చేస్తాం? వరదలో మిగిలినవాటికి పాత సామాన్లు కొనేవాళ్ల బెడద. ఇత్తడి బిందె తూకం వేసినట్టు పాత పుస్తకం తూకం వేసి తీసుకుపోతారు.

చట్టం లేదనలేం. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం 1976 నుంచి అమల్లో ఉంది. నూరేళ్లు దాటిన చిత్రాలు పురావస్తువులు, రాతప్రతులకు డెబ్బై అయిదేళ్లు చాలు. చిత్రాలనూ, బొమ్మలున్న రాతప్రతులనూ దగ్గర పెట్టుకున్నవాళ్లు నమోదు చేయించాలి. దేశం దాటించకూడదు. కానీ మా దగ్గర పాత బొమ్మ ఉన్న ఇంటి పెద్ద నమోదు అన్న మాట వింటే భయపడతాడు. సర్కారుకు చెబితే పట్టుకుపోతారు అన్నది ఆయన మనసులో పాతుకుపోయింది. ఆ భయంతోనే పెట్టె మూత తీయడు. ఆయన పోయాక పిల్లలు తీసి తూకానికి వేసేస్తారు. నమోదు చేయించినంత మాత్రాన వస్తువు సొంతదారు చేతిలోంచి పోదన్న మాట మీరే స్వయంగా ఊళ్లోకి వచ్చి చెబితే తప్ప నమ్మరు.

సేకరణ చెదరకుండా నిలబడిన ఉదాహరణ మన తెలుగు నేల మీదే ఉంది. హైదరాబాదులో మూడో సాలార్ జంగ్ వారసులు లేకుండా 1949 మార్చిలో చనిపోయాడు. ఆయన భవనం దివాన్ దేవిడీలో కుప్పలుగా ఉన్న వస్తువులు చెదరకముందే కొందరు పూనుకుని 1951 డిసెంబరులో అక్కడే మ్యూజియం తెరిపించారు. 1961లో పార్లమెంటు దాన్ని జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థగా ప్రకటించింది. నిజాం నగలను 1995లో కేంద్రం 218 కోట్లు పెట్టి కొన్నది, బయటికి పోనివ్వలేదు. నేను కోరేదానికి అందులో వెయ్యో వంతు కూడా అక్కర్లేదు.

నేను కోరేది ఇదీ. ఆదోని, కర్నూలు, కడప పేర్లతో ప్రపంచంలో ఎక్కడెక్కడ చిత్రాలున్నాయో, రాతప్రతులున్నాయో ఆ మ్యూజియాలన్నిటికీ మీ శాఖ తరఫున ఉత్తరాలు రాయించండి. వెనకవైపు రాతల ఫోటోలు కూడా పంపమనండి. ముందువైపు ఫోటోలు దొరుకుతాయి, వెనకవైపువి అడిగితేనే ఇస్తారు. బికనేరు వారికి రాసే ఉత్తరంలో కృతజ్ఞతతో మొదలుపెట్టండి. మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి తన దగ్గరున్న పాత కళాఖండాల ఫోటోలను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. మంచి కాగితం మీద అసలు సైజులో అచ్చు వేయించడానికి అయ్యే ఖర్చు ఒక జిల్లా ఉత్సవంలో ఒకరోజు షామియానా ఖర్చును మించదు. ఆ ప్రతులకు కర్నూలు ప్రదర్శనశాలలో ఒక గది ఇవ్వండి. ఆదోనిలో జామియా మసీదు నిర్వాహకులు ఒప్పుకుంటే బయట ఒక బోర్డు, కొండ ఎక్కే దారి మొదట్లో మరొకటి పెట్టించండి.

ఇళ్లలో ఉన్నవాటికి శిబిరాలు పెట్టించండి. అధికారి ఒకరు, కెమెరా పట్టినవారు ఒకరు, పారశీకం, ఉర్దూ, మరాఠీ మోడీ లిపి చదవగలవారు ఒకరు చాలు. వస్తువు ఇల్లు కదలనక్కర్లేదు. ఫోటో తీసి, నమోదు పత్రం అక్కడికక్కడే రాసి ఇచ్చి, పురుగు పట్టకుండా ఎలా దాచుకోవాలో చెప్పి రావాలి. ఇంటి పెద్ద చేతికి ఒక హామీపత్రం కూడా ఇవ్వాలి, వస్తువు ఆయనదేనని, ప్రభుత్వం తీసుకోదని, మీ సంతకంతో. మొదటి శిబిరం ఆదోనిలోనే పెట్టండి.

ఈ లేఖకు జవాబు ఇచ్చేటప్పుడు తెలుగుతోపాటు ఉర్దూలోనూ శిబిరాల ప్రకటన వేయించండి. పాత కాగితాలున్న ఇళ్లలో చాలామంది పెద్దలు చదివేది ఉర్దూనే. శిబిరం తేదీ వాళ్లకు నెల ముందే తెలియాలి. బెంగళూరులోనో హైదరాబాదులోనో స్థిరపడిన పిల్లలు పెట్టె తాళంచెవులతో రావడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.

భవదీయుడు,
కర్నూలు పాతబస్తీ వాసి ఒకరు